ఎర్ర ఉన్నిదారం

వంద లెక్కపెట్టేలోగా పురుగు చావాలి. అది మాన్‌షిక్ పెట్టుకున్న లెక్క. ఇనప కాగులోంచి గరిటెడు కషాయం తీసి, పురుగున్న క్యాబేజీ ఆకుముక్కని అందులో ముంచి, పెరటి అరుగు మీద పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. ఆవగింజంత ఆ నల్లపురుగు కాళ్ళు దులుపుకుని, చిటుక్కున గెంతి, ఆయన మోకాలి మీద వాలింది.

"స్నానం చేయించినట్టుందిరా నీకు," అన్నాడు దాంతో.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు హేనామ్ బియ్యంమిల్లులో బస్తాలు మోయడంతో కుడిభుజం కాస్త కిందికి దిగింది. వేర్లూ ఆకులూ నలిపి నలిపి వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. చెప్పుకోడానికి ఆయన జీవితంలో ఇంకేమీ లేదు. మా ఊరు సోల్‌గోల్‌లో ఆరిళ్ళవాళ్ళు బజారు మందు కొట్టకుండా క్యాబేజీ పండిస్తారు, ఆ ఆరిళ్ళకూ కషాయం కాచేది ఈయన. అంతే. ఆ పాటి పనికే తెల్లారేసరికి హుషారుగా లేచే మనిషిని ఈ ఊళ్ళో నేను మరొకణ్ణి చూడలేదు.

"బావా!" గోడ అవతలనుంచే కేక. పక్కింటి బున్యే. మాన్‌షిక్ భార్య ఒక్‌సిమ్‌దీ ఈవిడదీ ఒకే పుట్టింటి వీధి, అందుకని ఈయన బావ. "చూడు, నా మొక్కల్ని జల్లెడ చేశారు నీ చుట్టాలు!"

లోపలికొచ్చి, తూట్లు పడిన లేత ఆకుని ఆయన మొహం ముందు ఆడించింది.

"నా చుట్టాలెలా అయ్యాయే?"

"రోజూ నీ నీళ్ళతో జలకాలాడుతున్నాయిగా మరి! ఎనిమిది వందల మొక్కలు, బావా. రేపు పొద్దుటికి తగ్గకపోతే మా అల్లుడు తెచ్చిన మందు కొట్టేస్తాను. చెప్పలేదనకు."

"కొడితే మందు కొట్టని పంటని పెట్టిన ఆరిళ్ళ బోర్డూ పీకేస్తారు. మన క్యాబేజీ కొనే బడి వంటింటివాళ్ళు మళ్ళీ మన మొహం చూడరు."

"బోర్డుని ఊరగాయ పెట్టుకోనా?" అంది గానీ, కళ్ళు తుడుచుకుంది. "నాకు మాత్రం సరదానా? నా మూలాన అందరి బేరమూ పోతుందని నిద్రే పట్టడం లేదు."

మాన్‌షిక్ గరిటె కడిగాడు. ఈ పురుగుకి అవ్వపువ్వు వేరు తప్ప ఇంకేదీ పనిచెయ్యదు. వసంతంలో ముసలమ్మలా తల వంచుకుని పూసే పువ్వు అది. కొండవాలు మీద ఉన్నదంతా రెండేళ్ళలో తవ్వేశారు. కాగులో ఉన్నది నిరుటి ఎండువేరు, సత్తా చచ్చింది.

"ఒకచోట ఉందిగా..." అని బున్యే నాలుక కరుచుకుంది.

ఇద్దరూ కొండవైపు చూశారు.

"నేను తవ్వమనలేదు బావా."

"నేనూ విన్లేదు."

ఉన్నది ఒక్‌సిమ్ సమాధి దిబ్బ మీద. పంటల పండుగకు ముందు సమాధి మీద గడ్డి కోస్తారే గాని, ఇక్కడివాళ్ళెవరూ దాని మీద పార వెయ్యరు. మాన్‌షిక్ అయితే కొడవలి కూడా ఆ మొక్కల చుట్టూ తిప్పి కోస్తాడు. పదకొండేళ్ళుగా అవి గుంపులు గుంపులుగా పెరిగాయి. వేరుని నలగ్గొట్టి మరుగుదొడ్డి గుంటలో వేస్తే పురుగు చస్తుందని పెళ్ళయిన కొత్తలో ఆయనకు నేర్పింది ఒక్‌సిమే.

తట్ట, చేతిపార తీసుకుని బయలుదేరాడు. వాలు ఎక్కుతూ మూడుచోట్ల కూర్చున్నాడు. నిరుడు ఒక్కచోటే కూర్చున్నాడు. గుండె మీద బస్తా వేసినట్టు బరువుగా ఉంది. కానీ గాలి చల్లగా ఉంది, కింద ఎర్రమట్టి చేలల్లో క్యాబేజీ వరసలు తీర్చినట్టున్నాయి, దూరంగా సముద్రం మెరుస్తోంది. కూర్చోవడం కూడా బాగానే ఉందనుకున్నాడు.

దిబ్బ ముందు రెండుసార్లు సాగిలపడి మొక్కి, మోకాళ్ళ మీద లేచాడు.

"ఒక్‌సిమ్, కాస్త పక్కకి జరుగు. బున్యే ఏడుస్తోంది. నీకు తెలుసుగా, దానికి ఏడవడం కూడా సరిగా రాదు. ఉత్త చేతుల్తో వచ్చాను, తిట్టకు. రేపు పొద్దున్నే సీసా పట్టుకొస్తా. ఈసారి అసలు సిసలు కల్లే."

ఆ మాట అని తనలో తనే నవ్వుకున్నాడు. ఆమె పోయిన మొదటి ఏడాది, తద్దినం నాడు, చుట్టాలందరి ముందూ గిన్నెలో బియ్యపు కల్లు పోసి సమాధి ముందు పెట్టాడు. గుప్పున వాసన కొట్టింది. కల్లుసీసాలో నింపి ఉంచిన కషాయం అది. సబ్బునీళ్ళు కలిస్తే అచ్చం కల్లులాగే తెల్లగా ఉంటుంది. "బతికినన్నాళ్ళూ టీ అయినా కాచివ్వలేదు, పోయాక కషాయం కాచిచ్చాడు," అని బున్యే అందుకుంటే, ఏడవడానికి వచ్చినవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. ఆ సాయంత్రమే ఒక్‌సిమ్ ఎర్ర ఉన్నిచొక్కా అంచు విప్పి, కషాయం పోసిన ప్రతి సీసా మెడకూ దారం కట్టాడు. ఎర్రదారం ఉంటే పురుగులకి, లేకపోతే మనుషులకి. ఇన్నేళ్ళలో ఆ చొక్కా తరిగి తరిగి ఒక చెయ్యే మిగిలింది.

వేళ్ళతో మట్టి వదులు చేసి, పారతో జాగ్రత్తగా తవ్వాడు. వేళ్ళంత లావున నల్లటి వేర్లు వచ్చాయి. కింది సగం కోసి తట్టలో వేసి, ఆకులున్న పైసగం మళ్ళీ అదే గుంటలో పాతి, అరచేత్తో అదిమాడు. తిరిగి చిగురిస్తుందో లేదో ఆయనకూ తెలీదు. దిబ్బ తల దగ్గరున్న పెద్ద దుబ్బుని మాత్రం ముట్టుకోలేదు.

మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గరే. వేర్లు తరుగుతుంటే ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. సన్నసెగ మీద మరిగించి, తెడ్డుతో తిప్పి, పాత మేజోడులోంచి వడగట్టాడు. క్యాబేజీ ఆకు మీద నీటిచుక్క జారిపోతుంది కనుక నూనెసబ్బు గిలక్కొట్టి కలిపాడు. చల్లారాక మళ్ళీ ఒక పురుగుని పట్టి ముంచి, లెక్క మొదలెట్టాడు. అరవై రెండుకి వెల్లకిలా పడింది.

"అదీ!" అన్నాడు పైకే. పెరట్లో ఎవరూ లేరు. అయినా ఎంత గర్వంగా ఉందో!

ఎండ దిగాక బున్యే వీపున స్ప్రేయర్ డబ్బా వేసుకుని వచ్చింది.

"ఎక్కడివి బావా వేర్లు?"

"అడక్కు. ఆకు అడుగున కొట్టు. ఎల్లుండి మళ్ళీ కొట్టాలి, దానికి వేరే సీసాలో పోసి ఉంచుతా."

బున్యే ఆయన గోళ్ళలోని ఎర్రమట్టి చూసింది.

"అన్నం తిన్నావా?" అంది డబ్బా నింపుకుంటూ.

"ముల్లంగి పులుసుంది. నువ్వెళ్ళు, వెలుతురుండగానే కానివ్వు."

పొద్దున్నే ఆమె చేనుకి పరిగెత్తింది. ఆకులు విదిల్చింది. ఒకటీ అరా తప్ప ఏవీ గెంతలేదు. మొక్కల మొదట్లో నల్లగా రాలి ఉన్నాయి. ఆ మట్టికాళ్ళతోనే వచ్చి గోడ అవతలనుంచి అరిచింది.

"బావా! చచ్చాయి నీ చుట్టాలు!"

మాన్‌షిక్ పొయ్యి పక్కన, చల్లారిన కాగుకి భుజం ఆనించి కూర్చుని ఉన్నాడు. దిగిపోయిన కుడిభుజం. ఒళ్ళో ఎర్ర ఉన్నిచొక్కా చెయ్యి. నిద్రలో ఏదో మంచిమాట విన్నవాడిలా ఉన్నాడు. ఆమె రెండుసార్లు పిలిచింది, మూడోసారి లోపలికొచ్చి భుజం ముట్టుకుంది. అక్కడే కూలబడి, ఎవరొచ్చి వింటారోనన్న ధ్యాసే లేకుండా ఏడ్చింది. ఎనిమిది వందల మొక్కలూ బతికాయని ఆయనకు చెప్పకుండానే అయిపోయింది.

మూడోరోజున ఆయనకి ఒక్‌సిమ్ పక్కనే గొయ్యి తీశారు. పాతిన మొక్కలు వాడి ఉన్నాయి గాని ఎండిపోలేదు. తల దగ్గరి దుబ్బు పచ్చగా ఉంది.

ఆ సాయంత్రం బున్యే పెరడు ఊడ్చడానికి వచ్చింది. అరుగు మీద రెండు సీసాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి, ఎల్లుండికని ఆయన పోసి ఉంచుతానన్నది. దాని మెడకు ఎర్రదారం రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది. రెండోది శుభ్రంగా తుడిచి ఉంది, పక్కన చిన్న గిన్నె బోర్లించి ఉంది. దాని మెడకు దారం లేదు.