మామగారి ముందు పరీక్ష

"సూపు సంగతి ఆర్వెల్లా చూసుకుంటుందిలే" అని కాలేజీ పెద్దాయన మీటింగులో అంటున్నప్పుడు, ఆర్వెల్లా ఆ మీటింగుకే కాఫీ పోస్తోంది. శుక్రవారం పట్టాల పండుగ. రెండు వందల మందికి ఎండుమాంసం, మొక్కజొన్న వేసిన సూపు, నూనెలో వేయించిన రొట్టెలు. ఆమె ఉద్యోగం ఆఫీసులో ఫైళ్లు సర్దడం. ఈ గరిటె పని పద్నాలుగేళ్లుగా ఏ కాగితం మీదా లేదు. "నీ చేతికి రుచుందే, అదే నీ ఖర్మ" అని పోయిన అత్తగారు నవ్వుతూ అనేది. ఉద్యోగం చేస్తూనే అదే కాలేజీలో చదివిన ఆర్వెల్లా పేరు కూడా ఈసారి పట్టా అందుకునే వాళ్ల జాబితాలో ఉందని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. తనంతట తాను చెప్పుకోదామంటే, అమెరికా ఆదివాసులైన డకోటా తెగలో సొంత డప్పు కొట్టుకోవడం నామోషీ. మన గొప్ప మనవాళ్లు చెప్పాలి, మనం తలొంచుకుని వినాలి. మనవాళ్లేమో సూపు గురించి మాట్లాడుకుంటున్నారు.

పేరైతే జాబితాలో ఉంది గానీ, ఇంకో గండం మిగిలింది. 'మన విలువలు' అనే పాఠంలో మౌఖిక పరీక్ష. గౌరవం అంటే ఏమిటో ఒక పెద్దమనిషి ఎదుట చెప్పాలి, ఆయన ఒప్పుకుంటేనే పాసు. పాఠం చెప్పే కుర్రాడు తాడియస్ ఆ పెద్దమనిషిగా అంబ్రోస్‌ను పిలిచాడు. అంబ్రోస్ ఆర్వెల్లాకు స్వయానా మామగారు.

డకోటా కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు, మొహం వంక చూడదు. ఆయనా అంతే. అది గౌరవం. ఇరవై రెండేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటూ ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఆయనకు కాఫీ కావాలంటే పొయ్యితో అంటాడు. "ఈ ఇంట్లో ఒకప్పుడు కాఫీ దొరికేదబ్బా" అని. ఆర్వెల్లా లేచి కలిపి ఇస్తుంది. ప్రేమ లేక కాదు. ఆయన అడుగుల చప్పుడును బట్టి మోకాలి నొప్పి ఎలా ఉందో చెప్పగలదు. అలాంటి మనిషి ఎదుట ఇప్పుడు నోరు విప్పితే గౌరవం పోతుంది, విప్పకపోతే పరీక్ష పోతుంది.

సంగతి చెప్పగానే తాడియస్ నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో అత్తా! ఈ ఆచారం గురించి నేనే మూడు క్లాసులు చెప్పాను. ఆయన నీ మామగారన్నది మాత్రం బుర్రకెక్కలేదు. సాయంత్రానికల్లా మార్కులు పంపాలి, ఇంకో పెద్దాయన ఊళ్లో లేడు. పోనీ వచ్చే ఏడు చూసుకోకూడదూ?"

మొగుడు డెల్మార్‌కు ఫోన్ చేస్తే పకపకా నవ్వాడు. "మానెయ్. డిగ్రీ లేకపోతే నీ సూపు ఉడకనంటుందా ఏంటి?" చెడ్డవాడు కాదు. కానీ ఆ నవ్వు ఆమెను ముల్లులా గుచ్చింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూనే పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. ఇంక ఆగడం ఆమె వల్ల కాదు.

మధ్యాహ్నం పరీక్ష గదిలో అంబ్రోస్ టోపీ ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆర్వెల్లా ఒక కుర్చీ లాగి, ఆయనకు వీపు పెట్టి, తాడియస్‌కు ఎదురుగా కూర్చుంది.

"తాడియస్, నీకే చెప్తున్నాను, విను. మా మామగారొస్తే నేను తలొంచుకుంటాను. నేనొస్తే ఆయనా తలొంచుకుంటాడు. అందుకే నాకీ ఆచారం ఇష్టం. ఒక ఏడు మంచు తుఫానొచ్చింది. పొద్దున లేచేసరికి నా కారు ముందు దారిలో మంచు మొత్తం తవ్వేసుంది. ఎవరు తవ్వారో నాకు తెలుసు. థాంక్స్ చెప్పే వీల్లేక పారకి చెప్పాను."

వెనకాల ముసలాయన గొంతు సవరించుకున్నాడు. అడ్డు రావాలన్నా ఆయనకు వీల్లేదు. ఆచారంలోని ఈ సౌకర్యం ఆర్వెల్లాకు ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడే తెలిసింది.

"కానీ ఆయన పొయ్యితో కాఫీ అడిగితే లేచేది పొయ్యి కాదుగా, నేనేగా? నేనూ ఆ పొయ్యితో చాలాసార్లు చెప్పుకున్నాను. ఒళ్లు నొప్పులుగా ఉంది, ఒక్క పూట ఎవరన్నా వండితే బావుణ్ణని. అందరూ విన్నారు. ఎవరూ లేవలేదు. ఈ కాలేజీ గోడ మీద గౌరవం అని ఇంతింత అక్షరాలతో రాశారు. ఆ గోడ కడిగేదీ నేనే. చెప్పకుండానే అవతలి మనిషి అవసరం కనిపెట్టడమే గౌరవమైతే, నేను మీ అందరి అవసరాలూ కనిపెట్టాను. నాది కనిపెట్టేవాళ్లేరి? శుక్రవారం నా పేరు పిలుస్తారు. అప్పుడు నేను వంటింట్లో ఉంటాను. నాకు ఏడుపొస్తోంది తాడియస్, అంతే, ఇంక చెప్పడానికేం లేదు."

"హౌ" అన్నాడు అంబ్రోస్ వెనక నుంచి. పెద్దమగవాళ్లు ఔనని ఒప్పుకునేటప్పుడు అనే మాట అది.

"అబ్బాయీ, పాసని రాయి" అన్నాడు తాడియస్‌తో. "శుక్రవారం ఆ పేరు గట్టిగా పిలవమను. నా చెవులు అంతంత మాత్రం."

"మరి సూపో తాతా?"

"నేనూ డెల్మారూ వండుతాం. వాడికి నేను చెప్తాలే." అంబ్రోస్ కాస్త ఆగి, కిటికీ వైపు తిరిగి బెంగగా అన్నాడు: "ఎండుమాంసం ఎంతసేపు నానాలో ఎవరన్నా చెబితే బావుణ్ణు."

ఆర్వెల్లా అలవాటు కొద్దీ లేవబోయింది. సగం లేచి, మళ్లీ కూర్చుంది. తనూ ఆ కిటికీ వైపే చూస్తూ, మెత్తగానే అంది:

"నేర్చుకుంటార్లే."