హన్మాండ్లు చూసిన ఏడు సంపులు

మా హన్మాండ్లును కరిచిన జంతువుకు తోక కూడా సరిగ్గా లేదు. హామ్‌స్టర్ అంటారట, ఎలుక జాతి. అరచేతిలో పడుతుంది, బూరె రంగులో ఉంటుంది, పేరు చింటు. హన్మాండ్లు కూతురు దివ్యశ్రీ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పోయిన దసరాకు ఆ పిల్లే దాన్ని పంజరంతో సహా కొని తెచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తండ్రి కంటే ముందు చింటుకే కంచం పెడుతున్నారు.

హన్మాండ్లు అంటే సామాన్యుడు కాడు. సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషి. కింద వాడింట్లో వాడు తుమ్మితే పైన మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది. మీరు నమ్మరు గానీ, మా కోడలు మానస అలా రెండుసార్లు పప్పు ఉడకకుండానే స్టవ్ ఆపేసింది.

అంతటి వాడికీ ఒక జబ్బుంది. పగటిపూట ఎవరైనా పడుకుంటే చూడలేడు. చింటుదేమో పగలంతా నిద్ర, పొద్దుగూకాక చక్రమెక్కి పరుగు. ఒక మధ్యాహ్నం దివ్యశ్రీ క్లాసుకు పోగానే వీడు పంజరం తలుపు తీశాడు. గుడ్డ పీలికల్లో ముడుచుకున్న ప్రాణిని చూపుడువేలితో పొడిచి, పనీపాటా లేదా అని అడిగాడట. చింటు కళ్లు తెరవకుండానే జవాబిచ్చింది. వేలి కొస మీద పళ్లు దిగి రక్తం వచ్చింది.

ఫోన్లో సంగతి విని దివ్యశ్రీ క్లాసు సగంలో వదిలేసి వచ్చింది. వేలిని కుళాయి కింద పెట్టించి సబ్బుతో చాలాసేపు కడిగించి, పంజాగుట్టలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ తోడు వెళ్లాను. ఇంట్లో ఉంటే మానస చిక్కుడుకాయలు ఈనెలు తీయమంటుంది.

డాక్టరు మీసం ఇంకా కుదురుకోని కుర్రవాడు. ఓపిగ్గా అన్నీ అడిగాడు. చింటు బయట తిరుగుతుందా, పిల్లులూ ఇంటెలుకలూ దాని దగ్గరికి వస్తాయా, మేత సరిగ్గా తింటోందా. దివ్యశ్రీ చెప్పిందంతా విని, పంజరంలో పెరిగే ఇలాంటి చిన్న ప్రాణి కరిస్తే రేబిస్ వచ్చే భయం దాదాపు లేనట్టే అన్నాడు. టీకా అక్కర్లేదు, వేలు వాచినా చీము పట్టినా రండి, కుక్కో కోతో కరిస్తే మాత్రం నిమిషం ఆగకుండా రండి అన్నాడు. పోనీ టీటీ అయినా పొడుస్తాడనుకుంటే, నిరుడు గేటు గీసుకున్నప్పుడు వేయించుకున్నది ఇంకా పనిచేస్తుందట. చిన్న మలాం రాసిచ్చి పంపించాడు.

అక్కడ చెడింది వ్యవహారం. సూది గుచ్చకుండా పంపినవాణ్ణి మా ఈడు వాళ్లెవరూ డాక్టరని ఒప్పుకోరు. జ్వరమొచ్చినా, నడుం పట్టినా, అల్లుడు అలిగిపోయినా, ఒక సూది పడితేనే మాకు కాస్త గుణం కనిపిస్తుంది. మెట్లు దిగుతూ హన్మాండ్లు నా చెవిలో గొణిగాడు.

“సూది వద్దన్నడంటె ఏందన్నట్టు నర్సన్నా? ఇంక లాభం లేదనుకున్నడా?”

దివ్యశ్రీ మళ్లీ క్లాసుకు పోయింది. మేమిద్దరం మెట్రో పిల్లరు పక్కన చాయ్ తాగడానికి కూర్చున్నాం. వాడి మొహం చూస్తే, ఇలాంటి అదును మళ్లీ దొరకదనిపించింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

మా ఊళ్లో ఒకణ్ణి పందికొక్కు కరిచింది. ఏ జంతువు కరిచినా ఏడు బావుల్లోకి తొంగి చూడాలని మా వైపు ఆచారం. ఏడింటిలోనూ మన మొహమే కనబడితే విషం దిగినట్టు. పాపం వాడికి ఆరు బావుల్లో వాడి మొహమే కనబడింది. ఏడో దాంట్లో మీసాలున్న పందికొక్కు కనబడింది. పొద్దుగూకేసరికి వాడు వాళ్లన్న గాదె కిందికి కన్నం తవ్వుకుని పోయాడు. పెళ్లాం రోజూ ఆ కన్నం దగ్గర పల్లీలు పెట్టి వచ్చేది. మరుసటి ఏడాది పంచాయతీ ఎన్నికల్లో వాడే గెలిచాడు.

ఎన్నికల మాట దగ్గర హన్మాండ్లు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చాయ్ సగంలో కింద పెట్టేశాడు.

మరునాడు పొద్దున్నే పైకి వచ్చాడు. పెదవులు ఎండి ఉన్నాయి. మానస మంచినీళ్లు తెచ్చిస్తే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె లోపలికి పోయేదాకా ఆగి చెప్పాడు.

“నిన్నటి సంది గుక్క దిగుతలేదు నర్సన్నా. నీళ్లు చూస్తె గొంతు పట్టుకుంటున్నది. దివ్యకు చెప్పకు. చెప్తె గా చింటును ఎవరికన్న ఇచ్చేస్తది. పొద్దంత పాఠాలు ఒర్లి ఒర్లి ఇంటికొచ్చి, గదాంతోనే జరసేపు నవ్వుతది పిల్ల.”

పందికొక్కు కథ నిన్న చాయ్ దగ్గరే పుట్టిందని చెప్పాను. ఏ దేవుడి మీద ఒట్టు కావాలంటే ఆ దేవుడి మీద ఒట్టేశాను. ఇన్నేళ్లలో నేను చెప్పిన ఒక్క ముక్క నమ్మినవాడు కాదు, దీన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. నన్ను నిమ్మలపరచడానికి అబద్ధమాడుతున్నావు గానీ పద, బావులు చూద్దాం అన్నాడు.

మేముండే అమీర్‌పేటలో బావులెక్కడివి? ఒకప్పుడు ఉన్నచోట ఇప్పుడు లిఫ్టులు దిగుతున్నాయి. హన్మాండ్లు నిలబడి ఆలోచించి, భూమి లోపలుండి నీళ్లు నిలిచేదేదైనా బావే అని తీర్పు చెప్పాడు. అంటే సంపులు. ప్రతి అపార్టుమెంటు గేటు దగ్గరా నేల కింద కట్టిన నీళ్ల తొట్టి, పైన ఇనుప మూత.

మా సంపుతోనే మొదలుపెట్టాం. మూత ఎత్తి వంగాడు. వాడి మొహమే. పక్క బిల్డింగు వాచ్‌మన్ కర్ర పట్టుకుని వస్తే, మేం నీళ్ల రుచి కమిటీ వాళ్లమని చెప్పాను. వాడు కర్ర పక్కన పెట్టి తనే మూత ఎత్తాడు. ఆ వెనక వీధిలో మూడో అంతస్తు నుంచి ఒకావిడ, కమిటీ వాళ్లయితే మా కుళాయికి ధార రావడం లేదు చూడండి అని కేకేసింది. సాయంత్రానికల్లా వస్తుందని మాటిచ్చాను. ఇంకోచోట సంపులో పడిన బకెట్ తీసిపెట్టేదాకా మమ్మల్ని వదల్లేదు. ఎక్కడ చూసినా హన్మాండ్లుకు హన్మాండ్లే కనబడ్డాడు. ఆరు పూర్తయ్యేసరికి మనిషి తిన్నగా నడుస్తున్నాడు.

ఏడోది మధురానగర్‌లో మా మక్సూద్ భాయ్ హాస్టల్ సంపు. తెలిసినవాడు కదా, కమిటీ అబద్ధం అక్కర్లేదని నేనే అక్కడికి తీసుకుపోయాను. మూత ఎత్తాం. అడుగున ఇంత బురద, ఒంటి చెప్పు. చుక్క నీళ్లు లేవు. హన్మాండ్లు ఈ పక్క నుంచి వంగాడు, ఆ పక్క నుంచి వంగాడు, మోకాళ్ల మీద కూర్చుని తల లోపలికి పెట్టాడు.

“నా మొఖం లేదు నర్సన్నా” అన్నాడు లోపలి నుంచి.

ఎండాకాలం, నీళ్లు లేవు, అంతే అన్నాను. పక్క సంపు చూద్దామన్నాను. ఏడోది ఏడోదే, మార్చడానికి లేదన్నాడు. అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. మక్సూద్ లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చి, నా దగ్గర కథంతా విని తల పట్టుకున్నాడు.

“ఫికర్ ఎందుకు హన్మాండ్లన్నా? పొద్దుగాలనే ట్యాంకర్‌కు చెప్పిన. వస్తున్న వస్తున్న అంటుండు.”

నీడలోకి రమ్మంటే హన్మాండ్లు రాలేదు. మక్సూద్ చల్లటి సీసా తెచ్చిస్తే కళ్లు మూసుకున్నాడు. హాస్టల్ పిల్లలు ఖాళీ బకెట్లతో వరసకట్టి మమ్మల్ని వింతగా చూస్తున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాడి నాలుక తడారి మాట తడబడుతోంది. చింటు చంపకపోయినా ఈ ఎండ చంపేలా ఉంది. ఒక్క గుక్క తాగమని బతిమాలాను. తలూపాడు, తాగలేదు. నాకు ఇంకో కథ అల్లే ఓపిక కూడా పోయింది.

ట్యాంకర్ వచ్చేసరికి రెండయింది. సందులోకి వెనక్కి వచ్చి, గేటును ఒకసారి గుద్ది ఆగింది. డ్రైవరు తొడంత లావు పైపు సంపులో దింపి, వెనక్కి పోయి వాల్వు తిప్పాడు. నీళ్ల ఊపుకు పైపు పాములా ఎగిరి బయటపడి నేరుగా హన్మాండ్లు మొహం మీద కొట్టింది. వాడు వెల్లకిలా పడ్డాడు. లేచి రెండు చేతులతో పైపు మెడ పట్టుకున్నాడు. సంపులో పెడతాడనుకున్నాం. నోట్లో పెట్టుకున్నాడు.

తాగినంతసేపూ మేమెవరం కదల్లేదు. ట్యాంకర్ సగం వాడి కడుపులోకే పోయిందని తరవాత మక్సూద్ అందరితో చెప్పాడు, నేను కాదనలేదు. తాగి తాగి పైపు సంపులో పడేసి, మూతి తుడుచుకుని, డ్రైవరు వైపు తిరిగాడు.

“ఇవేం నీళ్లు భయ్? ఉప్పు కశం. ఏ బోర్ల పట్టుకొచ్చినవ్?”

ఇవి స్నానానికి, తాగమని నీకెవరు చెప్పారని డ్రైవరు ఎగిరాడు. ఉప్పునీళ్లతో స్నానం చేస్తే పిల్లలకు జుట్టు ఉంటదా అని హన్మాండ్లు గొంతు పెంచాడు. పోయిన ట్యాంకర్ కూడా ఇట్లనే ఉండె అని మక్సూద్ అందుకున్నాడు. మధ్యలో హన్మాండ్లు చెయ్యి చాపితే మక్సూద్ ఇందాక తెచ్చిన సీసా అందించాను. మాట ఆపకుండానే దాన్ని ఖాళీ చేసి, ఇంకోటి తెమ్మని సైగ చేశాడు. నేను గొంతు సంగతి ఎత్తలేదు.

సంపు అంచుల దాకా నిండింది. హన్మాండ్లు ట్యాంకర్ తలుపు పట్టుకుని, యజమాని నంబరు ఇచ్చేదాకా బండి కదలనియ్యనంటున్నాడు. మక్సూద్ కాలితోనే మూత జరిపి మూసేశాడు. లోపలికి ఎవరూ చూడలేదు.