సంచిలో మిగిలిన సీసా

"ఇవాళ చాలా బాగా ఆడావు" అన్నాడు మా ఆయన, ఖాళీ టీ కప్పు నా చేతిలో పెడుతూ. "ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. రోజూ ఇలా ఆడితే ఎంత హాయిగా ఉంటుంది చెప్పు!"

ఆ ఆట జరుగుతున్నంతసేపూ నేను వంటింట్లో ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా హాల్లో యుద్ధాలు జరుగుతాయి. మా ఆయన, మా మరిది, మా ఆయన స్నేహితుడొకడు, ముగ్గురూ మూడు లాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చుని కంప్యూటర్ గేములో రాక్షసుల్ని చంపుతుంటారు. ఆ స్నేహితుణ్ణి గోడ అని పిలుస్తారు. ఆటలో అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునేది అతనే కనక. వాళ్ళ జట్టులో నాలుగోవాడు పెళ్ళి చేసుకుని రావడం మానేస్తే ఆ ఖాళీలోకి నన్ను పిలిచారు. నిజం చెప్పొద్దూ, నేను మురిసిపోయాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి "రా, నువ్వూ కూర్చో" అన్న మాట ఆ హాల్లో నా చెవిన పడింది అప్పుడే. నాకే పాత్ర కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. నేను కూర్చునేసరికే బొమ్మ సిద్ధంగా ఉంది. తెల్లగౌను, చేతిలో చిన్న కర్ర. వాళ్ళ భాషలో దాన్ని హీలర్ అంటారు. పనేమిటంటే, ముగ్గురి వెనకాలా నడవాలి. ప్రతివాడి తల మీదా ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది, అది వాడి ప్రాణం. దెబ్బ తగిలి గీత తరిగినప్పుడల్లా నేను మంత్రం వేసి దాన్ని నింపాలి. "వదినా, నాకు నాకు!" అని మరిది. "చెల్లెమ్మా, ముందిటు చూడు!" అని గోడ. "ఇక్కడ నేను చచ్చిపోతుంటే అక్కడేం చేస్తున్నావు?" అని మా ఆయన. రాక్షసుడు చస్తే కత్తి పట్టినవాడి గొప్ప, మనవాడు చస్తే నా తప్పు. కొత్త ఆట అన్నారు గానీ, ఇందులో నాకు కొత్తగా నేర్చుకోవలసిందేమీ కనపడలేదు.

ఫాలో అని ఒక బటనుంది. అది నొక్కి వెళితే బొమ్మ తనంతట తానే మిగతావాళ్ళ వెనకాల నడుస్తూ, ఎవరి గీత తరిగితే వాళ్ళకి మంత్రం వేస్తుంది. "టీకి లేచినప్పుడు నొక్కి వెళ్ళు వదినా, మా ఆట ఆగకుండా ఉంటుంది" అని మరిది నేర్పాడు. ఆ రోజు ఆట మొదలవుతూనే అలాగే నొక్కి లేచాను. టీ పెట్టి, కప్పులు ముగ్గురి మోచేతుల దగ్గరా పెట్టాను. తలెత్తి చూసినవాడు లేడు. ఈలోగా అత్తయ్య మోకాలు పట్టేసిందని పిలిచింది. మందు రాసి వచ్చి, ఉన్న గిన్నెలు తోమి, ఉల్లిపాయలు తరిగి పెట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి ఆట అయిపోయింది. మా ఆయన పక్కన నా కుర్చీ అంతసేపూ ఖాళీగానే ఉంది. అప్పుడు వచ్చింది ఆ మెచ్చుకోలు.

మొదట నవ్వొచ్చింది. ఆ కప్పు తీసుకెళ్ళి తోముతుంటే ఒళ్ళు మండింది. నేను లేకపోయినా తేడా తెలియలేదంటే ఒక దారి. సరే, ఆటలో పడి చూసుకోలేదు అని సర్దిచెప్పుకుందును, సర్దిచెప్పుకోవడం నాకేం కొత్త కాదు. కానీ నేను లేనప్పుడే బాగుందన్నాడు. అడ్డం రాలేదన్నాడు. అంటే ఈ ఇంట్లో నేనెంత బాగా పనిచేస్తే అంత కనపడకుండా పోతాను, పూర్తిగా కనపడకుండా పోయిన రోజున నాకు నూటికి నూరు మార్కులు. ఆయనకి చెప్పలేదు నేను. చెబితే ఇంకో నవ్వులాట అవుతుంది. ఆ మాటని అలాగే మనసులో పెట్టుకున్నాను.

ఆఫీసులో ఉన్నా అంతే. మాది ఇళ్ళకీ ఆస్పత్రులకీ ప్లాన్లు గీసే ఆఫీసు. అందులో నేను వంటిళ్ళు గీస్తాను. చేరినప్పుడు మెట్లు గీస్తానన్నాను, మలుపు తిరిగే మెట్లంటే నాకు చచ్చేంత ఇష్టం. "వంటిల్లు మీరు గీస్తే ఆ అందమే వేరండీ, ఎంతైనా ఆడవాళ్ళకి తెలిసినట్టు మాకు తెలుస్తుందా?" అన్నారు పెద్దసారు. పొగడ్త అనుకుని నవ్వాను కూడా, బుద్ధిలేకుండా! అప్పటినుంచీ సింకు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, కిటికీ ఎక్కడ. పొద్దున ఒక వంటింట్లోంచి బయటపడి, పగలంతా కాగితం మీద వంటిళ్ళలో తిరిగి, సాయంత్రం మళ్ళీ మొదటి వంటింట్లోకి వస్తాను. మీటింగు ఉంటే కుర్చీలు సర్దించేదీ నేనే. "మీరు లేకపోతే ఈ ఆఫీసు నడవదండీ" అంటారు పెద్దసారు. గీసినవాళ్ళ పేర్లు రాసే మూలలో మాత్రం ఆయన పేరే ఉంటుంది.

ఆ మరుసటి వారం, వెనక గదిలో, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల పక్కన కూర్చుని, పాత లాప్‌టాప్‌లో నాకంటూ ఒక ఆట మొదలుపెట్టాను. అదే గేము, కానీ ఒక్కర్తినే. జట్టు లేదు. ఈసారి పాత్ర నేను ఎంచుకోవాలి. కవచాలు తొడుక్కున్నవాళ్ళు, గొడ్డళ్ళు పట్టుకున్నవాళ్ళు, అందరినీ దాటుకుంటూ వెళితే చివర్లో ఒక బక్క మంత్రగత్తె నిలబడి ఉంది. బలం తక్కువ, ప్రాణం తక్కువ. ఓర్పు అన్నింటికంటే తక్కువ. ఓర్పు తక్కువున్న ఆడదాన్ని నేనంతవరకూ ఎక్కడా చూసి ఉండలేదు, చూడగానే నచ్చేసింది. కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక కూడా ఉంది, ఒంటరిగా ఆడేవారికి ఈ పాత్ర తగదు అని. ఎవడు రాశాడో గానీ మా ఇంట్లోవాళ్ళకి చుట్టమై ఉంటాడు. ఆ పిల్లనే తీసుకున్నాను.

ఇక చూడండి ఉచిత సలహాలు. "దీన్ని ఊదితే ఎగిరిపోతుంది వదినా, కత్తి పట్టినవాణ్ణి తీసుకోవచ్చుగా" అని మరిది గుమ్మంలో నిలబడి నవ్వాడు. "మాతో ఆడుతున్నావుగా, మళ్ళీ ఇదెందుకు?" అన్నాడు మా ఆయన. అత్తయ్యకయితే బాధే వేసింది. "ఈ వయసులో బొమ్మలాటలేమిటమ్మా నీకు?" అంది. హాల్లో నలభై దాటిన కొడుకు ఆడుతున్నదీ ఈ బొమ్మలాటే కదత్తయ్యా అంటే, "వాడు వారమంతా కష్టపడి వస్తాడు" అంది. నేను వారమంతా దేనికి వెళ్ళొస్తున్నాననుకుంటోందో ఆవిడ.

బక్కపిల్ల నిజంగానే బక్కది. రెండు దెబ్బలు తగిలాయంటే పడిపోతుంది. వేసే మంటలు కూడా అగ్గిపుల్ల మంటలే. నాలుగు వేసిందంటే మంత్రశక్తి అయిపోయి, అది మళ్ళీ నిండేదాకా రాళ్ళచాటునా స్తంభాలచాటునా పరిగెత్తాలి. అయినా నాకు బాగుంది. తప్పు చేస్తే అది నా తప్పే, గెలిస్తే అది నా గెలుపే. "నాకు నాకు" అని అరిచేవాడు లేడు. ఇస్త్రీ బట్టలు పక్కన కుప్పగా పడున్నా పట్టించుకోకుండా ఆడాను. అలా అడవి దాటి, వాగు దాటి, ఒక రాతివంతెన దగ్గరికి చేరుకున్నాను. ఆ వంతెన మీద ఒక కాపలా రాక్షసుడు, గదలాంటి చేతులు వాడివి. అక్కడ ఆగిపోయాను. ఎన్నిసార్లు వెళ్ళినా అదే వరస. నాలుగు మంటలు, పరుగు, మళ్ళీ నాలుగు మంటలు, వాడి ప్రాణం ఇంకాస్తే ఉందనగా నా పిల్ల పడిపోయేది. ఆఫీసులో సింకు గీస్తూ కూడా ఆ స్తంభాల చుట్టూ ఏ వైపు నుంచి తిరగాలా అని ఆలోచించేదాన్ని.

ఒక రోజు అలా పడిపోయిన తర్వాత ఊరికే ఆ పిల్ల సంచి తెరిచి చూశాను. అడుగున ఒక ఎర్రమందు సీసా ఉంది. ఆట మొదట్లో ఒక ముసలమ్మ ఇచ్చింది. తాగితే ఎంత దెబ్బ తిన్నా ప్రాణం మొత్తం నిండుతుంది. అన్నిసార్లు చచ్చాను, సీసా మూత తియ్యలేదు. మరిచిపోయానా అంటే అదీ కాదు. చచ్చే ముందు ప్రతిసారీ గుర్తొచ్చింది. ఇప్పుడే ఎందుకు, ముందు ముందు ఎవరికైనా అవసరమొస్తుందేమో అనిపించి ఆగేదాన్ని. ఎవరికి? ఆ ఆటలో నేను తప్ప ఇంకో మనిషి లేదు!

అప్పుడు మాత్రం నా మీద నాకే కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇది ఆ బొమ్మతో మొదలైన అలవాటు కాదు. ఆఫీసులో నా సెలవలు ఒక్కటీ వాడుకోను, అత్తయ్యకి ఒంట్లో బాగాలేకపోతే పనికొస్తాయని. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకుని ఆఫీసుకెళతాను. కూర కొంచెమే ఉంటే నేను తినను, మరిది ఇంకా రాలేదని. నాకంటూ ఏది చేతికొచ్చినా దాని మీద ఇంకెవరి పేరో రాసి దాచిపెట్టడం నేర్పారు నాకు. ఎంత బాగా నేర్పారంటే, ఎవరూ లేనిచోట కూడా లేనివాళ్ళ కోసం దాచిపెట్టి, నేను చచ్చిపోతున్నాను.

ఈ ఆదివారం వాళ్ళకి ఇంకో జట్టుతో పోటీ. పొద్దుటినుంచీ హడావుడి. మధ్యాహ్నం మా ఆయన నా కుర్చీ లాగి "రా, మొదలుపెడుతున్నాం" అన్నాడు.

"నేను రాను. నా ఆట ఉంది నాకు" అన్నాను.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "అలిగిందిరా" అన్నాడు గోడ. "పోనీలే అన్నయ్యా, ఫాలో పెట్టేద్దాం, అదే వస్తుంది" అన్నాడు మరిది. నేను టీ పెట్టలేదు. వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

వంతెన మీద నేనూ రాక్షసుడూ. హాల్లోంచి అరుపులు వినపడుతూనే ఉన్నాయి, "అది మంటల్లోకి వస్తోందిరా!" "ఆపు, ఆపు దాన్ని!" అని. పాపం, ఆ తెల్లగౌను బొమ్మకి వెనకాల నడవమనే తప్ప మంటలొస్తే ఆగమని ఎవరూ చెప్పలేదు. గోడ వెనకాలే నడిచి నిప్పుల్లో పడింది. గీతలు నింపేవాళ్ళు లేక కాసేపటికి ముగ్గురూ పోయారు. తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. నేను ఆట ఆపాను. బక్కపిల్ల స్తంభం చాటున ఉంది, దాని గీత వెంట్రుకంత మిగిలింది.

"నీ వల్లే ఓడిపోయాం" అన్నాడు.

ఈ ఇంట్లో నా వల్ల జరిగేది ఒకటుందని ఆయన ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూశాను.

"నేను ఆడలేదు కదండీ" అన్నాను.

"అదే చెబుతున్నా. నువ్వు లేకపోతే ఎలా? ఆ రోజు ఎంత బాగా ఆడావు! అలా ఆడి ఉంటే గెలిచేవాళ్ళం."

"ఆ రోజూ నేను లేను."

"అంటే?"

"వంటింట్లో ఉన్నాను. మీ టీ, మీ అమ్మగారి మోకాలు, రాత్రికి వంట. నా కుర్చీ మీ పక్కనే ఖాళీగా ఉంది. మీరు మెచ్చుకున్నది ఆ బటన్ని."

హాల్లోంచి అత్తయ్య "ఇవాళ టీ లేదటరా?" అంటోంది. నేను మళ్ళీ ఆటవైపు తిరిగి సంచి తెరిచాను. ఆయన వెళ్ళిపోతాడనుకున్నాను గానీ వెళ్ళలేదు, నా కుర్చీ వెనక నిలబడి తెరలోకి వంగాడు. ఎర్రసీసా చూడగానే ఆయనకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది.

"అది ఇప్పుడే వాడెయ్యకు. దాచిపెట్టు, ముందు ముందు అవసరమవుతుంది."

"ఎవరికి?" అని అడిగి, మొత్తం తాగేశాను.