ఎవరి వైపు రక్తం

దర్జీ భార్య పోయి రెండేళ్ళు. ఆ ఏడాదే కూతురి చెవిలో గొంతులు మొదలయ్యాయి.

కూతుర్ని చేర్చిన ఆసుపత్రిలో నర్సు ఒక ఫారం ఇచ్చింది. ఎడమ గడి తండ్రి వైపు, కుడి గడి తల్లి వైపు. వంశంలో ఇంతకుముందు ఎవరికైనా మతి చెదిరిందేమో రాయాలి. దర్జీ ఎడమ గడిలో సున్నా చుట్టి, కుడి గడి మీద పడ్డాడు. భార్య చిన్నమామ, మేనత్త, చివరికి ఊరికే నవ్వే దూరపు చుట్టం కూడా అందులోకి ఎక్కారు.

పక్కన కూర్చున్న వదిన తొంగి చూసింది. ఆమె చనిపోయిన భార్యకి అక్క.

"మీ అన్నయ్య పదేళ్ళు గోడతో మాట్లాడాడే. ఆయన్ని మర్చిపోయావా, మరిదీ?"

"ఆయనకి చెవుడు. గట్టిగా మాట్లాడేవాడు."

"గోడకీ చెవుడేనా?"

కేకలు విని డాక్టరమ్మ బయటికొచ్చింది.

"స్కిజోఫ్రెనియాకి రక్తం ఒక్కటే కారణం కాదండీ. రక్తంలో కొంత మొగ్గు ఉంటుంది. పుట్టుకలో ఇబ్బంది, గంజాయి, నిద్రలేమి, పెద్ద దుఃఖం లాంటివి తోడైతే జబ్బు బయటపడొచ్చు. ఏది ఎంతో ఎవరూ తూచలేరు."

ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. పోట్లాటకి కొత్త సరుకు దొరికింది.

"కాన్పు మీ ఇంట్లోనే కదా, వదినా? పిల్ల నీలంగా పుట్టింది."

"తల్లి పోయిన నెలకే పిల్లని నైట్ షిఫ్టుకి తోలిందెవరు?"

"దుఃఖం మర్చిపోతుందని పంపాను."

"నిద్ర మర్చిపోయింది."

"నేరస్థుణ్ణి వెతకడం ఆపండి," అంది డాక్టరమ్మ. "మందులు పనిచేస్తున్నాయి. ఎల్లుండి పంపించేస్తాం. అరుపులున్న ఇంట్లో జబ్బు తొందరగా తిరగబెడుతుంది. ఏ ఇంటికి పంపమంటారు?"

"మా ఇంటికే!" ఇద్దరూ కలిసి అరిచారు.

తలుపు దగ్గర నిలబడి కూతురు అంతా విన్నది.

"నేనిక్కడే ఉంటా డాక్టర్ గారూ. నా చెవిలో వాళ్ళు కనీసం ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు."

దర్జీ ఇల్లు తలుచుకున్నాడు. పిల్ల రాకపోతే ఇంట్లో మిగిలేది కుట్టుమిషను చప్పుడే.

కూతురే దారి చూపింది. "రేపు నా మంచం దగ్గర గంటసేపు ఎవరినీ తప్పుపట్టకుండా కూర్చోండి. కూర్చోగలిగినవాళ్ళ ఇంటికి వస్తా."

మర్నాడు వదిన పదకొండు నిమిషాలు నిలిచింది. తర్వాత దుప్పటి ఉతికినవాళ్ళ వంశాన్ని ఎత్తుకుంది.

దర్జీ నర్సుని అడిగి ఫారం తెప్పించుకున్నాడు. ఎడమ గడిలో సున్నా కొట్టేసి 'మా అన్న' అని రాశాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని పెదాలు బిగించాడు. గుమ్మంలోంచి వదిన దెప్పినా పలకలేదు.

యాభై ఆరో నిమిషాన కూతురు అంది:

"నువ్వు ఇంతసేపు నోరు మూసుకోగలవని తెలియకుండానే అమ్మ పోయింది, నాన్నా."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. గడియారం చూశాడు. ఇంకా నాలుగు నిమిషాలుంది. మింగేశాడు.

కూతురు కిటికీ గట్టు మీది దువ్వెన తీసి తన బట్టల సంచిలో వేసుకుంది.