స్కానింగ్ సెంటర్లో మూడు ముళ్లు

పెళ్లై రెండు నెలలైనా కాలేదు. కడుపునొప్పి అని అల్ట్రాసౌండ్ తీయిస్తే నా కాలేయంలో ఒక మచ్చ, ప్లీహంలో ఇంకో మచ్చ కనిపించాయి. క్యాన్సర్ గడ్డలా, మామూలువా అన్నది ఎమ్మారై తీస్తేనే తెలుస్తుందన్నారు.

అయినా రాంగోపాల్‌పేట్‌లోని స్కానింగ్ సెంటర్ దాకా మా ఆయన యుగంధర్ నడుము పట్టుకుని బండి మీద వెళ్తుంటే నాకు హాయిగానే ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చాడు కదా. మా అత్తమ్మ జగదాంబ వెనకాల ఆటోలో వచ్చింది.

"ఒంటి మీద బంగారం, వెండి ఏదీ ఉండొద్దు మేడం. పుస్తెలతాడు సుత తీయాలె," అన్నాడు మెషీన్ చూసే హెన్రీ.

భయంగా అత్తమ్మ వైపు చూశాను.

"నాకెర్కనే," అంటూ ఆమె సంచిలోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసింది. "ముందు గిది కట్టుకో, ఆనక అది తియ్యి. మెడ బోసిగుండొద్దు. ఏం చూస్తున్నవ్‌రా, కట్టు."

నలుగురిలో యుగంధర్ చెవులు ఎర్రబడ్డాయి. దారం జారిపోతూ ముళ్లు పడటం లేదు.

"మొన్నంటే పంతులుండె," అని గొణిగాడు.

"మంత్రాలు నేను చదువుతా, నువ్వు ముడెయ్," అన్నాను.

"కల్యాణమండపం కిరాయి మిగిలింది పో," అన్నాడు నా చెవిలో.

సొరంగం లాంటి మెషీన్లోకి వెళ్లాక కూడా ఆ మాటే చెవిలో మోగింది. "గాలి పీల్చండి, ఆపండి," అనగానే కిసుక్కున నవ్వాను.

"నవ్వితే కాలేయం కదులుతది మేడం, బొమ్మ మసకగొస్తది. జెర ఆపుకోండి," అన్నాడు హెన్రీ మైకులో.

అప్పుడు ఆ మచ్చలు గుర్తొచ్చాయి. నవ్వు దానంతటదే పోయింది. ఊపిరి బిగబట్టి పడుకున్నాను.

సాయంత్రం డాక్టర్ పద్మనాభం బొమ్మలు ముందు పెట్టుకుని మమ్మల్ని పిలిచారు. యుగంధర్ నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

"నరంలోకి మందు ఎక్కించాక రెండు మచ్చలూ అంచుల నుంచి లోపలికి మెల్లగా నిండాయి. ఇవి ఉత్త రక్తనాళాల ముద్దలమ్మా. క్యాన్సర్ కాదు. ఆర్నెల్ల తర్వాత ఒకసారి చూపించుకోండి, చాలు."

"ఇంకోసారి చెప్పుండ్రి సార్," అంది అత్తమ్మ.

ఆయన మళ్లీ చెప్పారు. ఆమె కళ్లు తుడుచుకుని మామయ్యకు ఫోన్ కలిపింది. "ఆగు, నేను చెప్తే నువ్వు నమ్మవు. సారు నోట్లకెల్లే ఇను," అని స్పీకర్ పెట్టి, ఫోను డాక్టర్ గారి మూతి ముందు ఉంచింది.

"క్యాన్సర్ కాదండీ," అన్నారాయన, నవ్వాపుకుంటూ.

అవతల నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"మల్లొక్కసారి చెప్పుండ్రి సార్."