గంగాధరరావు చెప్పిన కాశీ

వంకాయ తొడిమ రెండు వేళ్ళతో పట్టుకుని, నాలుగు చీలికలు చేసి ఉప్పునీళ్ళలో వేస్తున్నాడు నరసింహమూర్తి. ఆ పనికి అతను కత్తి వంక చూడక్కర్లేదు. ఆ పొద్దున అతని చూపంతా బస్సు మెట్ల మీదే ఉంది.

ఏలూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా, హైవే పక్క మూతబడ్డ రైసుమిల్లు ఆవరణలో యాత్రా బస్సు ఆగి గంటయింది. పద్దెనిమిది రోజుల ప్రయాణానికి ఇక్కడే ఆఖరి భోజనం. ఇల్లు పది నిమిషాల దూరంలో ఉన్న ఏలూరు వాళ్ళు కూడా తినే వెళ్తారు. ఢిల్లీ, ఆగ్రా, అయోధ్య, ప్రయాగ చూసుకుని, చివరికి కాశీలో మునిగి తిరిగొచ్చిన ముప్పై రెండు మందిలో ముప్పై ఒక్కరు కిందికి దిగి పళ్ళు తోముకుంటున్నారు. దిగనిది మంగాయమ్మ ఒక్కతే. కాశీ నుంచి నాలుగు రోజులుగా ఆవిడ ఇన్ని మజ్జిగనీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

మూర్తికి అరవై నాలుగేళ్ళు. సన్నటి మనిషి. ముంజేతుల మీద వెంట్రుకలు ఏనాడో పొయ్యి సెగకి మాడిపోయాయి. నూనె చిట్లిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. గుండిగలు మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ప్రయాగలో అన్నం గుండిగ దించుతూ ఉన్నట్టుండి చతికిలబడితే, డ్రైవరు మధుబాబు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. అప్పట్నుంచీ బరువులన్నీ అతనే దించుతున్నాడు.

తణుకులో పనిచేసే హోటలు మూతపడి, అదే ఏడాది భార్య కూడా పోయి, ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న రోజుల్లో మూర్తికి ఈ బస్సులో వంటపని దొరికింది. ఇరవై రెండేళ్ళయింది. కాశీకి ముప్పై తొమ్మిది సార్లు వెళ్ళాడు. విశ్వనాథుణ్ణి చూసింది మూడుసార్లే. యాత్రికులు ఊరు చూసొచ్చేసరికి అన్నం వార్చి ఉండాలి మరి. ఊళ్ళన్నీ అతనికి నీళ్ళని బట్టే గుర్తు. ఆగ్రా నీళ్ళలో కందిపప్పు ఎంత ఉడికించినా పలుకు వదలదు. ప్రయాగలో అన్నం మల్లెపూవులా వస్తుంది.

ఇంకొకటి కూడా తెలుసు. వెళ్ళేటప్పుడు బస్సు నిండా కబుర్లే. వచ్చేటప్పుడు సగం మంది నిద్ర, సగం మంది సణుగుడు. ఎన్నాళ్ళో ఎదురుచూసిన ఊరు తీరా వెళ్తే ఉసూరుమనిపిస్తుంది. ఆ ఉక్రోషం అన్నం దగ్గర బయటపడుతుంది. అందుకే ఆగ్రా చూసొచ్చిన రోజు పులిహోర కలుపుతాడు. ఢిల్లీ రోజు దోసకాయ పప్పు. ఇలా చెయ్యమని అతనికెవరూ చెప్పలేదు.

"మూర్తిగారూ, తాజ్‌మహల్ ఫొటోలోనే బాగుందండి" అంది ఇందుజ, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. ఏలూరులో హైస్కూలు టీచరు. "ఎండలో నాలుగు గంటలు నిలబెట్టి, పది నిమిషాల్లో బయటికి తోసేశారు. మీరే నయం, హాయిగా నీడన కూర్చున్నారు."

"అవునండి. నాకు తోపులాట తప్పింది" అని నవ్వాడు మూర్తి.

అప్పుడు దిగింది మంగాయమ్మ. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, తిన్నగా పొయ్యి దగ్గరికొచ్చి, బోర్లించిన కూరల ట్రే మీద కూర్చుంది. పొలం పని చేసిన చేతులు. ఖాళీగా ఉండలేక కొత్తిమీర కట్ట లాక్కుని వలవడం మొదలుపెట్టింది.

"కాశీలో ఏం వదిలారండీ? వంకాయ కాదు కదా?" అనడిగాడు మూర్తి. బస్సులో ఎవరు ఏ కూర వదిలారో, ఏ పండు వదిలారో అతనికి నోటికొచ్చు. ఈవిడది ఒక్కటే తెలీదు.

"నేనేమీ వదల్లేదండి" అంది మంగాయమ్మ. "కాశీయే నన్నొదిలి పోయింది."

మూర్తి ఇంకో వంకాయ తీసుకున్నాడు.

"మావారు గంగాధరరావుగారు పోయి పదకొండేళ్ళండి. గణపవరంలో మూడెకరాలు మాకు. ఊడ్పులప్పుడు నేను ఆకుమళ్ళో ఉంటే, ఆయన గట్టున కూర్చుని కాశీ గురించి చెప్పేవారు. ఆయనా చూళ్ళేదు. వాళ్ళ తాతగారు చూసొచ్చి చెప్పిందే. ఎన్నిసార్లు చెప్పారో! ఆయన పోయాక కూడా పొద్దున్నే లేచి, కళ్ళు మూసుకుని, ఓసారి ఆ ఊరెళ్ళొచ్చేదాన్ని. ఆయన గొంతు వినపడేది." కొత్తిమీర కాడ తుంపి పక్కన పడేసింది. "ఇప్పుడు కళ్ళు మూస్తే ఆ తోపులాట, ఆ మైకులు, ఆ ప్లాస్టిక్ డబ్బాలూ. ఆయన గొంతే లేదండి. ఎందుకెళ్ళానా అనిపిస్తోంది."

దేవుడి మాటలు చెప్పి ఓదార్చడం మూర్తికి చేతకాదు. అందుకని ఇలా అడిగాడు. "ఎలా ఉండేదండి, మీవారు చెప్పిన కాశీ?"

 పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోంది. మధుబాబు అరిటాకులు కడుగుతున్నాడు.

"మెట్లు నీళ్ళలోకి దిగిపోతూ ఉంటాయట, ఎక్కడాగాయో తెలీకుండా. పడవకో దీపమట. సందులైతే మరీ ఇరుకట. ఈ ఇంటావిడ కిటికీలోంచి చెయ్యి చాపి, ఎదురింటావిడకి కూరగిన్నె అందించేదట. నేను నమ్మేదాన్ని కాదు. 'కిందపడితేనో?' అని దెబ్బలాడేదాన్ని. 'అందుకేనే మూత పెడతారు' అనేవారు."

మూర్తి చేతిలో కత్తి ఆగిపోయింది.

"పెరుగు కొట్టుందే, ఆ సందులో అండి" అన్నాడు.

"ఏంటీ?"

"మొన్న కాశీలోనే. తెల్లారి పెరుగు కోసం వెళ్తుంటే నెత్తిమీద గాజుల చప్పుడైంది. తలెత్తి చూశాను. పైఅంతస్తు కిటికీలోంచి ఒకావిడ గిన్నె చాపింది. ఎదురుగా ఓ ముసలావిడ రెండు చేతులా అందుకుంది. నా మీద పడుతుందేమోనని పక్కకి జరిగాను కూడానండి."

"నిజంగానా?"

"అబద్ధం చెప్పి నాకేమొస్తుందండీ?"

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. మూర్తి కంగారుపడి లేవబోయాడు. కొంగు తీశాక చూస్తే, కళ్ళు తడిగానే ఉన్నా ఆవిడ నవ్వుతోంది.

"మూత ఉందాండి?"

"ఉందండి. స్టీలు మూత. జారకుండా పైన గుడ్డ కూడా చుట్టింది."

"ఏం కూరో?"

మూర్తి ఆలోచించాడు. "ఇంగువ వాసనొచ్చింది. బంగాళాదుంపలే అయ్యుంటాయండి."

"ఎంత మాట చెప్పారండీ!" అంది మంగాయమ్మ. "మావారితో పెళ్ళైన కాణ్ణించీ వేసుకున్న దెబ్బలాట. ఇవాళ ఓడిపోయాను."

ఆ పూట అందరికంటే ముందు ఆవిడే ఆకు ముందు కూర్చుంది. ముద్దపప్పులో నెయ్యి వేయించుకుంది. వంకాయ కూర రెండుసార్లు అడిగింది. మూర్తి వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ ఆకు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడ్డాడు. నోట్లో ముద్దతోనే, కళ్ళు మూసుకుని ఏదో వింటున్నట్టుంది ఆవిడ.

ఏలూరులో ఇందుజతో పాటు పదిమంది దిగారు. గుండుగొలను, భీమడోలు దాటాక కుడివైపు చేపల చెరువులు ఎండకి మెరుస్తున్నాయి. గణపవరం రోడ్డు చీలే నారాయణపురం దగ్గర మంగాయమ్మ దిగాలి. సంచీ భుజానికి తగిలించుకుని, వెనక బియ్యం బస్తా మీద కూర్చున్న మూర్తిని పిలిచింది.

"ఇలా వచ్చి నా సీట్లో కూర్చోండి. ఖాళీయే కదా. పద్దెనిమిది రోజులూ ఆ బస్తా మీదేనా?"

మొహమాటపడుతూనే కూర్చున్నాడు. కిటికీ పక్క సీటు. ఆవిడ సంచీలోంచి ఒక కాశీ దారం తీసింది. ఇంటి దగ్గర ఉండిపోయిన వాళ్ళ కోసం యాత్రికులు గుప్పెళ్ళకొద్దీ కొంటారు. కాశీ నుంచే వస్తున్న వంటవాడికి ఇవ్వాలని ఎవరికీ తోచదు.

"చెయ్యి చాపండి."

"నూనె చేతులండి. స్నానం చేశాక కట్టుకుంటాను."

"మరిచిపోతారు" అని ఆవిడ దాన్ని ముందు సీటు కమ్మీకి రెండు ముళ్ళు వేసి కట్టింది. "మీ మేలు మర్చిపోనండి, మూర్తిగారూ."

"నేనేం చేశానండీ" అన్నాడు మూర్తి. బస్సు కదిలాక మాత్రం, వెనక్కి తిరిగి ఆవిడ కనపడినంతసేపూ చూశాడు.

తాడేపల్లిగూడెంలో ఇంకో పదిహేను మంది దిగారు. మూర్తి కిటికీలోంచి చెయ్యూపాడు. ఎడమ చెయ్యి లాగుతోంది. ఒళ్ళో పెట్టుకుని వెనక్కి వాలాడు. గాలి బాగుంది. చేలు పచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఈ దారిని కిటికీ పక్కన కూర్చుని చూడ్డం ఇదే మొదటిసారి. హోటలు మూతపడకపోతే ఈ మనుషులెవరూ తనకి తెలిసేవారు కారనుకున్నాడు. పెరుగు కోసం ఆ సందులోకే వెళ్ళినందుకు, గాజుల చప్పుడికి తలెత్తినందుకు లోపల్లోపల చాలా సంతోషించాడు. వాళ్ళ అన్నం వేళకి తను ఉన్నాడు. అది చాలనిపించింది.

తణుకులో చెల్లెలు ఉమాదేవి ఇంటి ముందు బస్సాపి మధుబాబు పిలిచాడు.

"బాబాయిగారూ, మీ ఇల్లొచ్చిందండి."

మూర్తి తల అద్దానికి ఆనించి ఉంది. నిద్రపోయినట్టే ఉన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు చూసి, దారిలోనే ప్రాణం పోయిందన్నాడు.

మూడోరోజు పొద్దున్న మధుబాబు బస్సు కడిగాడు. గుండిగలు దించాడు, సీట్లు తుడిచాడు, కిందపడ్డ చిత్తుకాగితాలన్నీ ఊడ్చాడు. ఆ సీటు దగ్గరికొచ్చి కాసేపు నిలబడి, గుడ్డ మడిచి భుజాన వేసుకుని దిగిపోయాడు. కమ్మీకి కాశీ దారం రెండు ముళ్ళతో అలాగే ఉంది.