సబర్ గల పిల్ల

"నట్టలు లేని కడుపు ఉంటదా అలీమా? అవి ఉంటెనే తిన్నది అరుగుతది. జర సబర్ చెయ్, ఓర్చుకో," అంది మా అత్త రుఖియా. ఆ పొద్దున నా పెద్దబిడ్డ సైరా లంగా నేను ఉతుకుతుంటే జానెడు తెల్ల పురుగు జారి రాతిమీద పడింది. తాండూరులో బండల పాలిష్ కార్ఖానా వెనక గుడిసె మాది. బండల కుప్పల చాటుకే అందరం బయటికి పోయేవాళ్ళం, ఆ మట్టిలోనే పిల్లలు చెప్పుల్లేకుండా ఆడేవాళ్ళు. దవాఖానాలో నట్టల మందు ఇస్తున్నారట, తీసుకుపోతానంటే మా ఆయన తాజ్ మొహమ్మద్ "నువ్వు పోతె మాపటికి రొట్టెలెవరు చేస్తరు?" అన్నాడు. నేను పోలేదు.

తప్పంతా వాళ్ళదే అంటే అబద్ధమవుతుంది. సైరాకు ఆరేళ్ళు. అన్నం ఆలస్యమైతే అడగదు, చెల్లెలు మున్నీ జుట్టు పీకినా ఏమీ అనదు, పిలిస్తే మెల్లగా లేచి వస్తుంది. "సబర్ గల పిల్ల, రేపు అత్తగారింట్ల పేరు తెస్తది" అని బస్తీలో ఆడవాళ్ళు మెచ్చుకుంటే నేను పొంగిపోయాను. నన్నూ అలా మెచ్చుకునే ఈ ఇంటికి తెచ్చారు. తొమ్మిదేళ్ళుగా పగలంతా బండలు మోసి వచ్చి, ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసి, అడుగున మిగిలింది తిని, కూర చల్లారిందని మా ఆయన విసిరికొట్టిన గిన్నె ఏరుకుని, ప్రతిసారీ సబర్ అనుకుని అన్నీ మింగాను. బిడ్డకు నా పోలికే వచ్చిందనుకున్నాను. ఒంట్లో నెత్తురు లేక అది నోరెత్తడం లేదని తోచలేదు. తల్లిని కదా, తోచి ఉండాల్సింది.

ఎనభై ఒకటి వానాకాలంలో బస్తీలో దగ్గుజ్వరం పడింది. పక్కింటి భాగమ్మ పిల్లలు ఒళ్ళు కాలిపోతుంటే అరిచి గోల చేసి, నాలుగో రోజుకు లేచి ఆడుకున్నారు. సైరాకూ దగ్గు పట్టింది, ఒళ్ళు మాత్రం గోరువెచ్చగానే ఉంది. "చూడు, ఎట్ల ఓర్చుకుంటున్నదో," అన్నాడు మా ఆయన మురిపెంగా. ఆరో రోజు దమ్ము ఆడక దాని పెదాలు నల్లబడ్డాయి. ఒళ్ళో పడుకోబెట్టుకుని ప్యాసింజర్ బండిలో వికారాబాద్ పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ సుమిత్రమ్మ ఛాతీ విని, కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "ఒంట్లో నెత్తురే లేదు. కడుపు నిండా పురుగులే ఉన్నట్టున్నాయి కదమ్మా."

"నట్టలకు, దమ్ముకు ఏం సంబంధం డాక్టరమ్మా?"

"మాకూ పూర్తిగా తెలీదు. పురుగులు లోపల బతకాలంటే ఒళ్ళు వాటితో కొట్లాడకూడదు. అందుకని మెల్లమెల్లగా ఒంటిని ఊరుకోబెడతాయంటారు. అలా ఊరుకోవడం అలవాటైన ఒంట్లోకి దగ్గుజ్వరం వైరస్ వస్తే, దాంతోనూ సరిగ్గా కొట్లాడలేదేమో. జ్వరమంటే ఒళ్ళు కొట్లాడుతున్నట్టే. అది ఎక్కువ లేదని మీరు ధైర్యంగా ఉన్నారు."

సైరా ఆ సాయంత్రమే పోయింది. నీళ్ళు కూడా అడగలేదు.

మూడో రోజు సైరా పేరిట చదివే ఫాతెహాకు వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే నా తలమీద చెయ్యి పెట్టి "సబర్ చెయ్ బిడ్డా" అన్నారు. నాలుగో ఆమెతో "ఆ మాట నా ముందర అనకు" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దీనికి పిచ్చి లేసింది," అని మా ఆయన బయటికి నడిచాడు. మర్నాడు ఎవరినీ అడగకుండా రెండేళ్ళ మున్నీని చంకనేసుకుని దవాఖానాకు పోయి మందు తాగించుకొచ్చాను. ఇదైనా కావలసింది అరిచి తీసుకోవాలి, నేర్పేది నేనే అనుకున్నాను.

ఇంటికి రాగానే అది ఆకలికి ఏడుపందుకుంది. నోరు మూయించడానికి మా అత్త లేచింది. చెయ్యి అడ్డం పెట్టి, "ఏడువు బిడ్డా, గట్టిగ ఏడువు, ఎవరు ఊకోమన్నా ఊకోకు," అన్నాను.

మున్నీ రెండుసార్లు వెక్కింది. మా అత్త మొహం చూసింది, నా మొహం చూసింది. ఎవరూ ఏమీ అనకముందే ఊరుకుంది.